ఏ ఊరో తర్వాత, ముందు ఏ పేటో చెప్పండి

సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు మళ్ళీ బడి ముఖం చూసే రోజుల్లో చాలా ఇళ్ళలో ఒక చర్చ లేస్తుంది. వచ్చే జూన్‌కి ఇక్కణ్ణుంచి కదిలిపోదామా అని. పండక్కి సొంతూరు వెళ్ళి వచ్చిన మనసు ఇంకా ఇటు తిరగదు. వచ్చిన మర్నాడే ఆఫీసు దారిలో గంటన్నర ట్రాఫిక్. చిన్నదానికి దగ్గు, పెద్దవాడి స్కూలు బస్సు ఆలస్యం. రాత్రి భోజనాలయ్యాక భర్త ఫోన్‌లో నగరాల జాబితాలు వెతుకుతూ కూర్చుంటాడు. ఏ నగరంలో చదరపు అడుగు ఎంత, ఏ నగరానికి స్వచ్ఛతలో ఎన్నో ర్యాంకు, ఎక్కడ ఏ ఐటీ కంపెనీ వస్తోంది అని. భార్య గిన్నెలు సర్దుతూ ఒకే ఒక ప్రశ్న వేస్తుంది. "అక్కడ పిల్లల్ని బడి నుంచి ఎవరు తీసుకొస్తారు?"

ఈ పూట నేను మాట్లాడబోయేది ఆవిడ పక్షాన.

నేను బ్యాంకు ఉద్యోగంలో బదిలీల మీద ఊళ్ళు తిరిగినవాణ్ణి. దానివల్లనో ఏమో, మా బంధువుల్లో ఎవరు ఊరు మారాలన్నా నాకు ఫోన్ చేస్తారు. పోయినేడు మా మేనకోడలు చేసింది. హైదరాబాద్ గచ్చిబౌలి వైపు అపార్ట్‌మెంట్లో ఉంటారు. పిల్లవాడికి ఏడేళ్ళు, పిల్లకి మూడు. ఆమెది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. అతని కంపెనీకి విశాఖలో కూడా ఆఫీసుంది, కావాలంటే అక్కడికి మారవచ్చు. విజయవాడలో ఇంకో కంపెనీ పిలుస్తోంది. అత్తమామలు తెనాలిలో, మా అక్క విజయనగరంలో.

"మావయ్యా, వైజాగా బెజవాడా? ఏదో ఒకటి తేల్చి చెప్పు."

"ఏ పేటమ్మా?"

"ముందు ఊరు తేలితే కదా పేట!"

"కాదే తల్లీ. పేట తేలితే ఊరు దానంతట అదే తేలుతుంది."

నేను దాట వేస్తున్నానని అనుకుంది. కానీ చూడండి, విశాఖ కార్పొరేషన్ అంటే ఇవాళ అనకాపల్లి నుంచి భీమిలి దాకా. ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 60 కిలోమీటర్లు. అంత పొడుగు ఊళ్ళో ఏ కుటుంబమూ కాపురం ఉండదు. పిల్లలున్న కుటుంబం మహా అయితే రెండు మూడు కిలోమీటర్ల మేర బతుకుతుంది. బడి, కూరగాయలు, మందుల షాపు, పిల్లల డాక్టరు, సాయంత్రం ఆడుకోవడానికి కాస్త జాగా, అంతే. వీటిలో నాలుగు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటే అది మంచి ఊరు. లేకపోతే ఎన్నో ర్యాంకు వచ్చినా మీ ఇంటికి ఒరిగేదేమీ లేదు.

అందుకని ఆమెకి ఒక పని అప్పజెప్పాను. నగరాల పేర్లు పక్కన పెట్టి ముందు పిల్లవాడి రోజు కాగితం మీద రాయమన్నాను. పొద్దున్న ఎన్నింటికి లేస్తాడు, స్కూలు ఆటో ఎన్నింటికి, మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి తలుపు తీసేది ఎవరు, ఆడుకునేది ఎక్కడ, అర్ధరాత్రి జ్వరం వస్తే వెళ్ళేది ఎక్కడికి. ఆ కాగితం పట్టుకుని ఇల్లు వెతకాలి. అతని ఆఫీసు కొంచెం దూరమైనా ఫరవాలేదు, అతను పెద్దవాడు. ఏడేళ్ళవాడు రోజుకి రెండు గంటలు ఆటోలో ఇరుక్కుని కూర్చోకూడదు.

ఇక విశాఖ సంగతి. విశాఖ అనగానే అందరికీ బీచ్ రోడ్డు గుర్తొస్తుంది. నిజమే, అంత అందమైన ఊరు తెలుగునాట ఇంకొకటి లేదంటాను నేను. బెజవాడవాళ్ళు క్షమించాలి. కానీ సెలవులకి వెళ్ళి చూసిన విశాఖ వేరు, కాపురం ఉండే విశాఖ వేరు. పాతనగరం, జ్ఞానాపురం వైపు అద్దెలు తక్కువని చూస్తారు. ఇంటాయన గదులు చూపిస్తుంటే మీరు కిటికీ దగ్గరికి వెళ్ళి, గట్టు మీద వేలితో గీసి చూడండి. పొద్దున్న తుడిచిన గట్టే సాయంత్రానికి నల్లగా ఉంటుంది. పోర్టులో దించే బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి అది. దాని మీద అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి గొడవ పడుతూనే ఉన్నారు. మూడేళ్ళ పిల్ల, అందులోనూ దగ్గున్న పిల్ల ఉన్న ఇంటికి ఆ ఒక్క గీత చాలు, అద్దె ఎంతో అడగనక్కర్లేదు.

పరిశ్రమల పక్కన కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరై లీకై 12 మంది చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది 1961లో మొదలైన ఫ్యాక్టరీ. నగరం పెరుగుతూ పెరుగుతూ వెళ్ళి దాన్ని చుట్టుకుంది. ప్రహరీకి ఇవతల ఇళ్ళు, అవతల ట్యాంకులు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు డాబా ఎక్కి నాలుగు దిక్కులా ఒకసారి చూడమని చెప్పేది అందుకే. పొగ గొట్టం కనబడితే అది దేనిదో కనుక్కోండి. గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో కూడా కనుక్కోండి.

మా మేనకోడలు చివరికి ఎం.వి.పి. కాలనీ, మధురవాడ రెండింటి మీదా మనసు పెట్టింది. మధురవాడలో కొత్త అపార్ట్‌మెంట్లు, అతని ఆఫీసు దగ్గర, పక్కనే కంబాలకొండ అడవి, జూ పార్కు. ఎం.వి.పి.లో ఇళ్ళు పాతవి, లిఫ్టు మొరాయిస్తుంది. కానీ సెక్టార్ల వారీగా వేసిన కాలనీ కాబట్టి చెట్లున్న రోడ్లు, రైతుబజారు, బళ్ళు, డాక్టర్లు అన్నీ చేతికందే దూరంలో. వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. వాళ్ళు ఫ్లాటు చూస్తుంటే నేను కింద కిరాణా కొట్టు దగ్గర సోడా తాగుతూ నిలబడ్డాను. అద్దెల సంగతి ఇంటి యజమాని చెప్తాడు. నీళ్ళ సంగతి చెప్పాల్సింది ఆ కొట్టాయనే.

"కుళాయి పొద్దున్న ఒక్కపాలే వస్తాదండి బాబూ. వేసవిలో అదీ సన్నం. బోరుందో లేదో వాచ్‌మన్‌ని కాదు, ఆళ్ళావిడ్ని అడగండి. మోటారు ఏసేది ఆవిడే."

వాచ్‌మన్ భార్యని అడిగాం. ట్యాంకరు మేలో ఎన్నిసార్లు వస్తుందో, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలుపుతారో విడిగా వసూలు చేస్తారో, ఏ ఫ్లాటువాళ్ళు ఎందుకు ఖాళీ చేసి వెళ్ళిపోయారో అన్నీ చెప్పింది. యజమాని మాకు వాటిలో ఒక్కటీ చెప్పలేదు. ఆయన్ని తప్పుపట్టను, మేం అడగలేదు కదా. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్లు, ఏలేరు కాలవ, ఇన్ని చోట్ల నుంచి తెచ్చుకున్నా వేసవి వచ్చేసరికి విశాఖకి నీళ్ళ బెంగ తప్పదు. కాబట్టి సంపు ఎంత పెద్దదో ఇల్లు చూసిన రోజే వంగి చూసుకోవాలి.

సముద్రం పక్క ఫ్లాటు మీద మోజు పడేవాళ్ళకి రెండు మాటలు. ఉప్పు గాలికి గ్రిల్స్, ఏసీలు, ఫ్రిజ్జు వెనక భాగం అన్నీ తొందరగా తుప్పు పడతాయి. తుపాను వస్తే మొదటి దెబ్బ ఆ కిటికీలకే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది సరిగ్గా ఈ నగరం దగ్గరే. రోజుల తరబడి కరెంటు లేదు, పాలు దొరకలేదు. అలాంటి వారంలో చంటిపిల్లతో ఎలా గడుపుతామో ముందే అనుకుని ఉండాలి. బీచ్ ఎదురుగా ఉందని పిల్లలు నీళ్ళలో ఆడుకోవచ్చని కూడా అనుకోకండి. ఆర్.కె. బీచ్‌లో అలలు చూడ్డానికి బాగుంటాయి గాని, దిగితే లాగేస్తాయి.

విజయవాడకి వద్దాం. ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పేట అన్న మాటకి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కుండపోత వాన. కృష్ణకి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకి పైగా వరద వచ్చింది. ఊరంతా కృష్ణ వైపు చూస్తూ ఉంటే, వెనక నుంచి బుడమేరు వాగు వచ్చింది. గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్ళు తియ్యలేదు. మొదటి అంతస్తు నుంచి తాడు కట్టి పాలపాకెట్లు పైకి లాక్కున్న కుటుంబాలున్నాయి. అదే నగరంలో మెరక మీదున్న పేటల్లో వాన వెలిసిన మర్నాటికి రోడ్లు ఆరిపోయాయి. ఊరు ఒకటే, వాన ఒకటే, ఇల్లున్న చోటే వేరు.

అలాగని కొండ మీదకి పోతే క్షేమమా అంటే అదీ కాదు. అదే ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి ప్రాణాలు తీసింది.

బుడమేరు కొత్తగా వచ్చిన ప్రమాదం కాదు. 2005లోనూ ముంచింది. బెజవాడ పాతకాపుల్ని ఎవరినడిగినా అది ఎటు పొర్లుతుందో గీత గీసి చూపిస్తారు. ఏ పేటలో ఇల్లు చూసినా ముందు గోడలు చూడండి. వరద దిగిపోయాక గోడ మీద ఒక బురద గీత మిగులుతుంది. ముందు గది, ప్రహరీ కొత్త రంగు వేసేస్తారు. మెట్ల కింద, మీటరు పెట్టె వెనక, పక్కింటి వెనక గోడ మీద వేయరు. ఆ గీత మీ నడుం ఎత్తులో ఉంటే అక్కడ కింది పోర్షను తీసుకోకండి, అద్దె సగానికి ఇస్తానన్నా సరే. ఇస్త్రీ బండి అతను కనబడితే పిలిచి అడగండి, నీళ్ళొచ్చినప్పుడు బండి ఎక్కడ పెట్టుకున్నావయ్యా అని. అంతకంటే నిక్కమైన సమాధానం ఏ మ్యాపులోనూ దొరకదు.

ఇంకో మాట. ఇల్లు చూడ్డానికి డిసెంబరులో, జనవరిలో వెళ్ళకండి. అప్పుడు ప్రతి ఊరూ బాగుంటుంది. మేలో ఒకసారి వెళ్ళండి, వానలు ముదిరిన ఆగస్టులోనో సెప్టెంబరులోనో ఒకసారి వెళ్ళండి. బెజవాడ మేనెల ఎలా ఉంటుందో తెలియాలంటే మధ్యాహ్నం రెండింటికి ఆ వీధిలో నిలబడాలి. విశాఖలో అంత ఎండ ఉండదు, కానీ ఆ ఉక్కపోతకి రెండు చొక్కాలు మార్చాల్సిందే.

విజయవాడకి వెళ్దామనుకునేవాళ్ళలో చాలామంది అమరావతిని చూసి వెళ్తున్నారు. అక్కడ నా అభిప్రాయం కటువుగానే చెప్తాను. 2015 అక్టోబరు 22న ఆ రాజధానికి శంకుస్థాపన జరిగింది. 2019లో పనులు ఆగాయి. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు మళ్ళీ మొదలయ్యాయి. ఆ 2015 జూన్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాశాడు. ప్రభుత్వాలకి పదేళ్ళు పెద్ద లెక్క కాదు, పిల్లవాడికి అది బాల్యమంతా. స్థలం కొనుక్కోదలిస్తే రాబోయే నగరంలో కొనుక్కోండి, మీ ఇష్టం. పిల్లల్ని మాత్రం ఇవాళ బడి, బస్సు, ఆస్పత్రి ఉన్న నగరానికే తీసుకెళ్ళండి. విశాఖలో ఏదో పెద్ద డేటా సెంటర్ ప్రకటన రాగానే బయల్దేరేవాళ్ళకి కూడా ఇదే మాట. ప్రకటన రావడంతోనే అద్దెలు ఎగురుతాయి, సిటీ బస్సు మాత్రం చాలా తర్వాత వస్తుంది.

తిరుపతి గురించి క్లుప్తంగా. పిల్లల వైద్యం విషయంలో అది చాలా పెద్ద ఊళ్ళకి తీసిపోదు. స్విమ్స్ ఉంది, రుయా ఉంది, 2021 నుంచి టీటీడీ పిల్లల గుండె ఆస్పత్రి కూడా ఉంది. చెన్నై, బెంగళూరు రెండూ పగటిపూట వెళ్ళి రాగల దూరం. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఊళ్ళో తిరగడం కష్టం, అంతకుమించి పెద్ద ఇబ్బంది లేదు. హనుమకొండని, వరంగల్‌ని మనవాళ్ళు ఎందుకో తక్కువగా తలుచుకుంటారు. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ రెండు గంటల దూరం. హైదరాబాద్ ఉద్యోగం వదలకుండా వారానికి రెండు రోజులు వెళ్ళొచ్చేవాళ్ళకి అంత అనుకూలమైన ఊరు ఇంకోటి లేదు. కాకపోతే 2020లో, 2023లో అక్కడా కాలనీలు మునిగాయి. నయీంనగర్ నాలా ఎటు పారుతుందో చూసుకునే ఇల్లు తీసుకోవాలి.

బెంగళూరు, చెన్నై వెళ్ళేవాళ్ళు బడిలో భాష సంగతి ముందే తేల్చుకోవాలి. కర్ణాటకలో బళ్ళలో కన్నడం నేర్పాలని 2015లో చట్టం చేశారు, తమిళనాడులో తమిళానికి 2006లోనే చేశారు. తెలంగాణలో తెలుగుకి 2018లో వచ్చింది. రెండో తరగతి పిల్లవాడు కన్నడం ఆటల్లోనే పట్టేస్తాడు, లిపి కూడా మనదానికి దగ్గరే. ఏడో తరగతిలో వెళ్ళినవాడికి అదొక అదనపు సబ్జెక్టు. ఇక బెంగళూరు నీళ్ళ కథ 2024 మార్చిలో దేశమంతా విన్నదే. శివార్లలో, ముఖ్యంగా కార్పొరేషన్‌లో కలిపిన 110 గ్రామాల్లో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతికారు. మనవాళ్ళ అపార్ట్‌మెంట్లు ఎక్కువగా ఆ శివార్లలోనే ఉన్నాయి. కావేరి అయిదో దశ అదే ఏడాది అక్టోబరులో మొదలైంది. మీరు చూసిన అపార్ట్‌మెంటుకి ఆ కనెక్షన్ వచ్చిందో లేదో బిల్లు చూపించమని అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు రేడియో కాస్త పెద్దది చెయ్యండి. తెలంగాణ, ఆంధ్ర మధ్య ఊరు మారే తల్లిదండ్రులు చాలామంది ఆలోచించని విషయం ఇది. లోకల్, నాన్‌లోకల్.

రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మన కాలేజీ సీట్లని ఇప్పటికీ నడిపిస్తోంది. నూటికి 85 సీట్లు స్థానికులకి. స్థానికుడు అంటే స్థూలంగా, ఆ అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్ళు అక్కడే చదివినవాడు. ఇంజనీరింగుకి, డాక్టరు కోర్సుకి అర్హత పరీక్ష ఇంటర్. నాలుగేళ్ళు వెనక్కి లెక్కపెట్టండి. ఇంటర్ రెండేళ్ళు, పది, తొమ్మిది. అంటే పిల్లవాడు తొమ్మిదో తరగతిలో అడుగు పెట్టేటప్పటికి మీరు ఏ రాష్ట్రంలో ఉంటే, ఇంటర్ పూర్తయ్యేదాకా అక్కడే ఉంటే, వాడు అక్కడి లోకల్. మధ్యలో, పదో తరగతి అయ్యాక మారారనుకోండి, అటూ ఇటూ కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఆంధ్రలో కూడా రెండు ప్రాంతాలున్నాయి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, నెల్లూరు, రాయలసీమ వెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. కాబట్టి విశాఖ నుంచి విజయవాడకి మారితే ఈ లెక్కలో తేడా లేదు, తిరుపతికి మారితే ఉంది.

రాష్ట్రం విడిపోయాక పదేళ్ళ పాటు ఉన్న ఉమ్మడి ప్రవేశాల వెసులుబాటు 2024 జూన్‌తో అయిపోయింది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం మెడికల్ సీట్లకి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళూ రాష్ట్రంలోనే చదవాలని నిబంధన బిగించింది. అది కోర్టులకెక్కింది, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనని సమర్థించింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, పదో తరగతి దాకా అక్కడే చదివి, ఇంటర్‌కి మాత్రం విజయవాడ కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కి వెళ్ళిన పిల్లలు ఆ దెబ్బ తిన్నారు. ఇక తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల లెక్క వేరు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అక్కడ ప్రధానంగా చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి చదువు. ఎక్కడ చదివినా ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ బడి నుంచి అప్పటికప్పుడే తీసుకుని దాచుకోండి. పదేళ్ళ తర్వాత ఆ బడి ఉంటుందో ఉండదో ఎవరికి తెలుసు!

ఈ నిబంధనల్లో మినహాయింపులున్నాయి, మారుతూనే ఉంటాయి. మారేముందు ఆ ఏడాది ప్రాస్పెక్టస్ తెప్పించుకుని చదవండి. నేను చెప్పేది ఒక్కటే. పెద్దపిల్లకి ఏడో తరగతి, ఎనిమిదో తరగతి వచ్చేసరికి మీ తిరుగుళ్ళు పూర్తి కావాలి. అందుకే ఏడేళ్ళవాడున్న మా మేనకోడలికి తొందర లేదు. పన్నెండేళ్ళవాడున్న ఇంటికి ఉంది.

పెద్దవాళ్ళ సంగతి. చిన్నపిల్లలున్న ఇంటికి అమ్మమ్మో నాయనమ్మో ఒక రాత్రి ప్రయాణంలో చేరుకోగలిగితే అది జీతంలో పెరిగే పదివేల కంటే ఎక్కువ. 2023 జనవరి నుంచి వందేభారత్ సికింద్రాబాద్, విశాఖల మధ్య దాదాపు ఎనిమిదిన్నర గంటల్లో తిరుగుతోంది. కానీ మోకాళ్ళ నొప్పులున్న అరవై ఏళ్ళావిడకి ఎనిమిదిన్నర గంటలు కూర్చోవడం ఎంత కష్టమో లెక్కలో వేసుకోరు ఎవరూ. విజయనగరం నుంచి విశాఖ అయితే గంటన్నర బస్సు. మా అక్క పొద్దున్న వచ్చి, వంట చేసి, సాయంత్రం వెళ్ళిపోగలదు. నిజం చెప్పాలంటే మా మేనకోడలి ఇంట్లో తక్కెడ మొగ్గింది అక్కడే. అల్లుడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు, తెనాలి దూరమైపోతుందని. అది వాళ్ళిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది, నేను కల్పించుకోలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో కొందరికి ఊరు మారనక్కర్లేదు. హైదరాబాద్‌లోనే పేట మారితే సరిపోతుంది. ఆఫీసుకి దగ్గరని గచ్చిబౌలిలో ఇరవయ్యో అంతస్తులో ఉంటారు, బడి పన్నెండు కిలోమీటర్ల దూరంలో. అదే బడి పక్క వీధికి మారి, భర్త మెట్రోలో వెళ్తే, సగం ఇబ్బందులు అక్కడితో సరి. నగరం మీద కోపంతో ఊరు మారేవాళ్ళు ఆ కోపాన్ని కొత్త ఊరికీ మోసుకెళ్తారు.

మారడం ఖాయమైతే కాగితాల పని ఏప్రిల్ నుంచే మొదలుపెట్టండి. మన రాష్ట్రాల్లో స్టేట్ సిలబస్ బళ్ళు జూన్‌లో తెరుస్తారు, చాలా సీబీఎస్ఈ బళ్ళు ఏప్రిల్‌లోనే. టీసీ కోసం ఆగనక్కర్లేని సందర్భాలున్నాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళు పిల్లల్ని కాదనకూడదు. చిన్నదాని టీకాల కార్డు చేతి సంచిలో పెట్టుకోండి, ప్యాకర్స్ అట్టపెట్టెలో కాదు. పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య వేసే బూస్టర్లు, అయిదేళ్ళు నిండాక వేసేది, ఈ రెండూ ఊరు మారే హడావిడిలో తప్పిపోకుండా చూసుకోండి. కారుకి ఇంకో రాష్ట్రం నంబరుంటే 12 నెలలు దాటాక రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. పాత రాష్ట్రంలో మిగిలిన ట్యాక్స్ వెనక్కి ఇమ్మని దరఖాస్తు పెట్టుకోవచ్చు, చాలామంది పెట్టుకోరు. ఓటు మార్పుకి ఫారం 8.

ఇల్లు చూసుకునేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్ళమని కూడా అంటాను. వాళ్ళని అడిగి నిర్ణయించడానికి కాదు. ఆ వీధిలో పావుగంట ఆడుకోనిస్తే మనకే తెలుస్తుంది, లారీలు ఎంత జోరుగా వస్తున్నాయో, కుక్కలెన్ని ఉన్నాయో, పక్కింటి పిల్లలు బయటికి వస్తున్నారో లేదో.

చివరిగా ఒక విన్నపం. కొత్త ఊరు వెళ్ళిన మొదటి ఏడాది ఇల్లు కొనకండి. బ్రోకరు తొందర పెడతాడు, రేట్లు పెరిగిపోతాయంటాడు, బంధువులు అద్దె దండగంటారు. వినకండి. పదకొండు నెలలకి అద్దె ఒప్పందం రాసుకోండి. ఒక వేసవి, ఒక వానాకాలం, బడిలో ఒక పూర్తి సంవత్సరం గడిచాక, పిల్లలు ఆ పేటలో నిలదొక్కుకున్నారనిపిస్తే అప్పుడు కొనుక్కోండి. అనిపించకపోతే ఖాళీ చెయ్యడానికి ఒక నెల నోటీసు చాలు.